కోయాల్సిన తాడు

సామాన్ల కొట్టు పై గది
మార్చి 9

వదినా,

క్షేమ సమాచారాలు తర్వాత, ముందు గది సంగతి విను. ఎనిమిది నెలల్లో ఇది నాలుగో గది. బొంగరం అని అన్నయ్య పెట్టిన పేరు నిలబెట్టాను.

ఈ ఊళ్ళో అద్దె గది దొరకడం కన్నా కొండెక్కడం తేలిక. ఏ తలుపు తట్టినా మొదటి ప్రశ్న ఒకటే: సీజను అయ్యేదాకా ఉంటావా, ఆ తర్వాత కూడానా? నాలుగు నెలలు కొండలెక్కి చెప్పాపెట్టకుండా పోయేవాళ్ళని చూసి చూసి ఇళ్ళవాళ్ళు విసిగిపోయారు. నేను కొండలెక్కనండీ, కుట్టుపని చేస్తాను అంటే ఇంకా అనుమానంగా చూసేవారు. కొండలెక్కని దానివి ఇంత దూరం ఎందుకొచ్చావని ఒకావిడ మొహం మీదే అడిగింది. జవాబు నాకూ సరిగ్గా తెలియక మెట్లు దిగి వచ్చేశాను.

ఇప్పుడు దొరికింది పనితోపాటు వచ్చిన గది. కింద కొట్టు, పైన నేను. గుడారాలు, బూట్లు, వీపు సంచులు, తాళ్ళు, అన్నీ అద్దెకిస్తారు. చిరిగి వచ్చినవి నేను కుడతాను, తెగిన జిప్పులు మారుస్తాను, తాళ్ళ బల్ల కూడా నాదే. కొట్టూ ఇల్లూ ఒకావిడవే. అరవై దాటింది, ఇప్పటికీ నాకన్నా ముందు మెట్లెక్కుతుంది. అందరూ ఇంటావిడ అనే అంటారు. పని ఉన్నన్నాళ్ళు గది, గది ఉన్నన్నాళ్ళు పని అని మొదటిరోజే తేల్చి చెప్పింది.

గది పైకప్పు ఏటవాలుగా ఉంటుంది. మధ్యలో నిలబడొచ్చు, మంచం దగ్గర వంగాలి, కిటికీ దగ్గరికి వెళ్తే కూర్చోవాలి. కిటికీ తీస్తే ఎదురుగా నిలువునా రాతిగోడ. శుక్రవారం మధ్యాహ్నానికి ఊళ్ళో ఆఫీసులన్నీ ఖాళీ అయిపోతాయి. పొద్దున బ్యాంకులో నాతో మూడు కాగితాలు రాయించుకున్న గుమస్తా సాయంత్రం మా కొట్లో బూట్ల వరసలో నిలబడి ఉంటాడు. పక్కగదిలో అద్దెకుండే పళ్ళ డాక్టరైతే సెలవు వస్తే నేల మీద కాలు పెట్టడు. అతని బూట్ల బురద మెట్ల మీద ఉందని ఇంటావిడ కేకలేయడం మాకు ఆదివారం సాయంత్రపు గడియారం.

దూరపు కొండలు నునుపు అన్నాడు అన్నయ్య, నేను బయల్దేరిన రోజున. దగ్గరికొచ్చి చూశాను, నునుపేమీ కాదు, నా మోకాళ్ళనడుగు. అయినా నాకు నచ్చాయి. ఈ మాట అన్నయ్యకి చెప్పకు.

ఒక పార్సిల్ పంపాను. ఇక్కడ తాళ్ళు అరక్కముందే మార్చేస్తారు, అలాంటిదొకటి నా చేతికొచ్చింది. యాభై మీటర్లు, కొత్తదానిలా ఉంది. గోడలకి రంగులేస్తూ అన్నయ్య వేలాడే ఆ పాత తాళ్ళు నాకు తెలుసు. నేను పంపానంటే ముట్టుకోడేమో, నీ తెలివి ఉపయోగించు.

నీ
బొంగరం


మన ఇల్లు, బైండింగు బల్ల
మార్చి 20

బొంగరమా,

పార్సిల్ అందింది. పోస్టుమ్యాన్ గుమ్మంలో దించి, ఇందులో పాముగానీ ఉందా అమ్మా అని అడిగాడు. విప్పి చూస్తే కళ్ళు చెదిరే నారింజ రంగు. ఎవరు పంపారో దాచడానికి నాకు తెలివి అవసరం పడలేదు. నీ చేతి కుట్టున్న సంచిలో పెట్టి పంపాక ఇంక దాచేదేముంది.

మీ అన్నయ్య పని నుంచి వచ్చి చూడనట్టు చూశాడు. స్నానం చేసి వచ్చి మళ్ళీ చూడనట్టు చూశాడు. భోజనం అయ్యాక పెరట్లోకి తీసుకెళ్ళి మొత్తం విప్పి, ఈ చివర నుంచి ఆ చివరిదాకా చేతుల్లోంచి పోనిచ్చాడు. 'చూపున్న మనిషే పంపింది' అన్నాడు. నువ్వెళ్ళాక నీ గురించి అతని నోట వచ్చిన మొదటి మాట ఇది. పేరెత్తలేదు, అయినా అది నీకే.

వెళ్తే వెళ్ళు, ఉత్తరాలు మాత్రం రాయకు అన్న మనిషి ఇప్పుడేం చేస్తున్నాడో తెలుసా? నేను నీ ఉత్తరం పైకి చదివినప్పుడల్లా బ్రష్షు పట్టుకొచ్చి కిటికీ ఊచలకి రంగు వేస్తాడు. ఇప్పటికి తొమ్మిది పూతలు పడ్డాయి, కిటికీ రెక్క మూసుకోవడం లేదు. పైకి చదవకూడనిది ఏమైనా ఉంటే విడి కాగితం మీద రాయి.

కొత్త పని దొరికింది. బస్టాండు వెనక ఆరంతస్తుల భవనం, బయటి గోడలన్నీ మీ అన్నయ్య జట్టుకే ఇచ్చాడు మేస్త్రీ. జూన్ దాకా అదే పని. నీ తాడు మీదే వేలాడుతున్నాడు. మిగతావాళ్ళని దాన్ని ముట్టుకోనివ్వడట.

నాకు మాత్రం మూడు వందల రిజిస్టర్లు కుట్టాల్సి ఉంది, వేళ్ళకి జిగురు వదలడం లేదు. ఈ ఉత్తరం మీద మరకలు కన్నీళ్ళని పొరపడకు.

వదిన


పై గది
ఏప్రిల్ 14

వదినా,

ఇది విడి కాగితం. పైకి చదవకు.

ఆ తాడు అన్నయ్యని పనికి వాడొద్దను. కొండల మీద వాడే తాళ్ళ తీరు వేరట, గోడల పనికి సరిపడవట. దాని మీద బట్టలు ఆరేసుకో, పుస్తకాల కట్టలు కట్టుకో, ఏమైనా చేసుకో. మనిషి మాత్రం దానికి వేలాడకూడదు.

మొన్న కొట్టు ఫోనులో మేస్త్రీ ఆఫీసుకి చేశాను. మొదటిసారి గోడ మీద ఉన్నాడన్నారు. రెండోసారి అన్నయ్యే వచ్చాడు. ఆ తాడు వాడకన్నయ్యా అన్నాను. ఎందుకు అన్నాడు. ఇంటావిడ నా పక్కనే నిలబడి బూట్ల జతలు సర్దుతోంది. ఊరికే, అది సరిపడదట అన్నాను. 'తాడు బాగుంది' అని పెట్టేశాడు. తొమ్మిది నెలల తర్వాత మా ఇద్దరి సంభాషణ అంతే.

ఇక్కడ మంచు కరిగి వీధులన్నీ కాలవలయ్యాయి. మా వీధికి రెండు వందల మెట్లు, పక్కన సైకిళ్ళు నెట్టుకెళ్ళడానికి సన్నటి వాలు. పిల్లలు దాని మీద జారి బడికి వెళ్తారు. కొట్లో పని పెరిగింది, గుడారాలు ఒకటి తర్వాత ఒకటి వస్తున్నాయి. నాకేమీ ఇబ్బంది లేదు. తాడు సంగతి మాత్రం మర్చిపోకు.

బొంగరం


మన ఇల్లు
ఏప్రిల్ 22

బొంగరమా,

చెప్పాను. నవ్వాడు. కొండ ఊళ్ళో నాలుగు రోజులు తాళ్ళు మడిచి నాకే పాఠం చెప్తోందా అన్నాడు. ఇరవయ్యేళ్ళుగా గోడల మీద వేలాడుతున్నవాణ్ణి, చేత్తో పట్టుకుంటే తాడు ఆయుష్షు చెప్తాను అన్నాడు. నేను ఇంకొకసారి అడిగితే కంచం దగ్గరనుంచి లేచి, ఎప్పుడూ అనే ఆ మాటే అన్నాడు. 'తాడుది ఎప్పుడూ తప్పుండదు. ముడి వేసినవాడిదే తప్పు.'

ఆ మాట వచ్చాక ఇంక నేనేం మాట్లాడను? మామయ్యగారి సంగతి అందులో ఉందని నాకూ తెలుసు, నీకూ తెలుసు. మూడో అంతస్తు నుంచి పడ్డది ముడి జారే కదా. ఆ మనిషి నేను ఈ ఇంటికి రాకముందే పోయారు, ఫొటోలో తప్ప చూడలేదు. అయినా మీ అన్నయ్య ఆ మాటన్నప్పుడల్లా ఫొటోలోని ఆయన తల దించుకున్నట్టుంటుంది నాకు.

సరే, ఇప్పుడు నీ సంగతి. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టుంది నీ ఉత్తరం. తీరు వేరట, సరిపడవట, అన్నీ 'అట'లే. పంపేటప్పుడు ఆ తాడు గోడల పనికి సరిపడుతుందని నీకు తెలుసు, అందుకే పంపావు. నెల తిరిగేసరికి తీరు మారిపోయిందా? రెండుసార్లు ఫోను చేసేంత భయం బట్టలారేసుకునే తాడు కోసం ఎవరికీ ఉండదు.

మొండివాడు రాజుకన్నా బలవంతుడు అంటారు. ఆ రాజుగారితో నేను కాపురం చేస్తున్నాను. నా చేతికి ఏదైనా ఆధారం ఇస్తేనే నేను అతన్ని ఆపగలను. నువ్వు దాస్తున్నదేదో చెప్పు. పొద్దున అతను ఆ నారింజ చుట్ట భుజాన వేసుకుని గుమ్మం దాటుతుంటే నాకు కుట్టుపని మీద చెయ్యి నిలవడం లేదు.

వదిన


పై గది
ఏప్రిల్ 28

వదినా,

చావు కబురు చల్లగా చెప్పినట్టు రాశాను పోయినసారి. నన్ను తిట్టుకో. ముందు ఇది చదివి వెంటనే అన్నయ్య పనిచేసే చోటికి వెళ్ళు. ఈ ఉత్తరం తెచ్చిన మనిషి పక్కగది పళ్ళ డాక్టరు, అతన్ని కూడా తీసుకెళ్ళు.

ఆ తాడు నాకు ఎవరూ ఉంచుకోమని ఇవ్వలేదు. కోయమని ఇచ్చారు, నేను కోయలేదు.

ఇక్కడ ప్రతి తాడుకీ చివర ఒక నంబరు బిళ్ళ, దాని పేరున ఒక కార్డు ఉంటాయి. ఇంటావిడకి ఏ తాడు మీద అనుమానం వచ్చినా ఎర్ర పట్టీ చుట్టి నా బల్ల పక్క బుట్టలో వేస్తుంది. కొట్టు మూసేలోపు దాన్ని మూరెడేసి ముక్కలుగా కోసి, బిళ్ళ ఉన్న ముక్కని కార్డుకి కట్టాలి. ఇంకెవరూ పొరపాటున కూడా వాడకూడదని ఈ పద్ధతి. తాడుకి విచారణ లేదు, శిక్షే అంటుంది ఆవిడ. పాత తాడు పోగులు విప్పి సంచులల్లిన అమ్మ కడుపున పుట్టినదాన్ని, నిగనిగలాడే యాభై మీటర్ల తాడు కోయడానికి నాకు చేతులు రాలేదు. పైగా నాన్న గుర్తొచ్చాడు, అన్నయ్య గుర్తొచ్చాడు. బిళ్ళ ఉన్న జానెడు ముక్క కోసి కార్డుకి కట్టేశాను. మిగతాది మీకు పంపాను. కార్డు చదవలేదు.

ఈ నెల రెండో వారంలో పాత కార్డులు సర్దుతుంటే చదివాను. ఉన్నదున్నట్టు రాస్తున్నాను, అన్నయ్యకి ఇలాగే చదువు: 'వ్యానులో బ్యాటరీ ఒలికింది. యాసిడ్ తగిలి ఉండొచ్చు. లోపల పోగులు చచ్చిపోతాయి, పైకి కనబడదు, చేతికి తెలియదు. కోయాలి.'

అప్పుడే నీకు నిజం రాయాల్సింది. రాస్తే ఫోనులో కూడా చెప్పాల్సి వస్తుంది, చెప్తే ఇంటావిడ వింటుంది, పనీ గదీ రెండూ పోతాయి. అన్నయ్య అన్నట్టు ఓడిపోయి తిరిగి రావాలి. ఆ భయంతో రెండు వారాలు 'అట' అంటూ కూర్చున్నాను. అన్నయ్య ప్రాణం ఒకవైపు, వంగి నడవాల్సిన ఒక గది ఒకవైపు పెట్టుకుని ఆలోచించాను. సిగ్గుగా ఉంది వదినా.

నీ ఉత్తరం నిన్న అందింది. ఇవాళ పొద్దున ఇంటావిడకి చెప్పేశాను. ఆవిడ అరవలేదు. "ఇప్పుడు ఆ తాడు మీద మనిషి ఉన్నాడా?" అని అడిగింది.

ఉన్నాడన్నాను.

"ఎవరు?"

"మా అన్నయ్య."

ఫోను నా వైపు తోసింది. మేస్త్రీ ఎత్తాడు. యాసిడ్ అని, తెగుతుందని మొత్తం చెప్పాను. అలాగే అమ్మా, వినిపించడం లేదు, చెప్తాలే అన్నాడు. ఆ గొంతు మీద నాకు నమ్మకం లేదు. పళ్ళ డాక్టరు సెలవు పెట్టి గంటలో బయల్దేరుతున్నాడు, రేపు మధ్యాహ్నానికి మీ గుమ్మంలో ఉంటాడు. నేనే వచ్చేదాన్ని. కానీ నేను కోశానని రాసిన తాళ్ళు ఇంకా ఏడున్నాయి, వాటిని నిజంగా కోశానని ఇవాళే ముక్కముక్కా చూపించాలి. వాటిలో ఏదైనా ఎవరి నడుముకైనా ఉందేమోనని ఆవిడ భయం. లేదు, ఇదొక్కటే. అయినా నా మాట ఇప్పుడు ఎవరు నమ్ముతారు?

నాన్న ముడి జారిందని పన్నెండేళ్ళప్పటి నుంచీ వింటున్నాను. నేను ఏ ముడి వేసినా మూడుసార్లు చూసుకుంటాను, ఇక్కడివాళ్ళు నవ్వుతారు. నాన్న మీద కోపంతో నేర్చుకున్న అలవాటది. అన్నయ్యకి చెప్పు, ఈసారి ముడి ఎంత బాగా వేసినా లాభం లేదని.

బొంగరం


మన ఇల్లు
ఏప్రిల్ 30

బొంగరమా,

మీ అన్నయ్య క్షేమం. ఆ ఒక్క ముక్క ముందు చదువుకుని ఊపిరి పీల్చుకో, తర్వాత మిగతాది.

నిన్న ఒంటిగంటకి డాక్టరు వచ్చాడు. గుమ్మంలో నిలబడే నీ ఉత్తరం చదివాను. కాగితాలు కోసే నా పెద్ద కత్తి పట్టుకుని అతనితో బయల్దేరాను. కత్తి ఎందుకని అతను అడగలేదు, మంచివాడు.

లిఫ్టు ఇంకా పెట్టలేదు, ఆరంతస్తులూ ఎక్కాను. డాబా మీద ఎవరూ లేరు. ఇనప ఊచకి ముడి, ముడి నుంచి నీ నారింజ తాడు, పిట్టగోడ మీద గోనెపట్టా, అవతలికి బిగుసుకుని ఉంది. తొంగిచూస్తే ఐదో అంతస్తు దగ్గర మీ అన్నయ్య టోపీ కనబడింది. పైకి రా అని పిలిచాను. ఈ పట్టె రంగు అయ్యాక వస్తానన్నాడు. నేను గట్టిగా అరిస్తే బెదిరి కదులుతాడేమోనని అరవలేదు. పిట్టగోడ మీద ఆ తాడుని రెండు చేతులా పట్టుకుని కూర్చున్నాను. నేను పట్టుకుంటే ఆగుతుందా? అయినా వదలబుద్ధి కాలేదు.

డాక్టరు అక్కడున్న ఇంకో తాడు వదిలి, "ఇది నడుముకి కట్టుకోండి, పక్క కిటికీలోంచి లోపలికి దిగండి. కారణం తర్వాత చెప్తాం" అన్నాడు. కొత్త మనిషి అంత నెమ్మదిగా చెప్పేసరికి మారుమాట్లాడకుండా చేశాడు. నేను పాతికసార్లు చెప్పినా వినని మనిషి.

లోపలికి దిగాక అక్కడే, ఐదో అంతస్తు నేల మీద, నీ ఉత్తరం చదివి వినిపించాను. మేస్త్రీ ఏమైనా చెప్పాడా అంటే, మీ చెల్లెలు మళ్ళీ తాడు గురించి ఫోను చేసిందయ్యా అని నవ్వాడట, అంతే. కార్డు మీద రాసిన ముక్క దగ్గర నన్ను ఆపాడు. మళ్ళీ చదవమన్నాడు. మళ్ళీ చదివాను. ఇంకోసారి అన్నాడు.

తర్వాత తాడు లాగి నేల మీద పరిచారు. మీ అన్నయ్య చేత్తో మొత్తం చూశాడు, ఏమీ తెలియలేదు. డాక్టరు జానాజానా వంచుతూ వచ్చి ఒకచోట ఆగాడు. అక్కడ తాడు ఎముక లేనట్టు మడతపడింది. నా కత్తితో పైతొడుగు చీలిస్తే లోపలి పోగులు గోధుమరంగుకి తిరిగి ఉన్నాయి, గోటితో గీకితే రాలాయి. అంతకు ముందురోజు సరిగ్గా ఆ చోటు పిట్టగోడ అంచు మీద ఉందని మీ అన్నయ్య చెప్పాడు. చెప్పి కూర్చుండిపోయాడు. ముక్కలు నేనే కోశాను. మూరెడేసి.

నిన్నటి నుంచి ఉలుకూ పలుకూ లేదు. ఇవాళ పనికి వెళ్ళలేదు. నీ మీద కోపమేమోనని అడిగితే తల అడ్డంగా ఊపాడు. నీ ఉత్తరం మాత్రం నా దగ్గర నుంచి తీసుకుని చొక్కా జేబులో పెట్టుకున్నాడు. యాసిడ్ అన్న మాట ఎక్కడుందో చూపించమని పొద్దున మళ్ళీ అడిగాడు. భయపడ్డాడా అంటే, ఇది భయంలా లేదు. నాకు అర్థం కావడం లేదు.

వదిన


కొత్త గది, రెండు వందల మెట్ల పైన
మే 19

వదినా,

నీ ఉత్తరంలో మొదటి వాక్యం చదివి మెట్ల మీదే కూర్చుని ఏడ్చాను. తర్వాత మిగతాది చదివి మళ్ళీ ఏడ్చాను. నువ్వు ఆ తాడు పట్టుకుని కూర్చున్నావని చదివాక నీకు ఏం రాయాలో తోచక ఇన్నాళ్ళు ఆగాను.

పని పోయింది, గది పోయింది. ఏడు తాళ్ళ ముక్కలూ లెక్క సరిపోయాక ఇంటావిడ టీ పోసిచ్చి, నెలాఖరుకి ఖాళీ చెయ్యమంది. నువ్వు మంచిదానివే, కానీ నీ చేత్తో మడిచిన తాడు నేను ఇంకొకరి చేతిలో పెట్టలేను అంది. నేను బతిమాలలేదు. ఆవిడ స్థానంలో ఉంటే నేనూ అదే అనేదాన్ని.

మళ్ళీ గది వేట. ఈసారి మెట్ల చివర ఒకటి దొరికింది. సామాను మోయాలంటే ప్రాణం పోతుందని ఎవరూ తీసుకోరట, అందుకే నాకిచ్చారు. కిటికీలోంచి కొండ కనబడదు, ఎదురింటి వంటిల్లు కనబడుతుంది. కానీ గదిలో ఎక్కడైనా నిటారుగా నిలబడొచ్చు. మిషను కిటికీ దగ్గర వేసుకున్నాను. చిరిగిన గుడారం భుజాన వేసుకుని నిన్న ఒకతను అన్ని మెట్లూ ఎక్కి వచ్చాడు. ఎవరు పంపారంటే కొట్టావిడ అన్నాడు. గుడ్డ పనికి నన్ను నమ్ముతుందన్నమాట, తాళ్ళకే నమ్మదు. నేను ఇక్కడే ఉంటాను వదినా. ఎందుకొచ్చావని అడిగితే ఇప్పుడూ జవాబు లేదు, వెళ్ళిపోవాలని మాత్రం లేదు.

అన్నయ్య నన్ను తిట్టాలి. చచ్చేవాణ్ణే, నీవల్ల చచ్చేవాణ్ణే అనాలి. ఆ మౌనం నేను భరించలేను. నీకు రాసిన ఉత్తరాలన్నీ వింటాడు కదా, ఇదీ వినిపించు: అన్నయ్యా, నన్ను క్షమించకపోయినా ఫరవాలేదు, ఒక్క మాట రాయి.

బొంగరం


మన ఇల్లు
జూన్ 2

బొంగరం,

నాకు ఉత్తరాలు రాయడం రాదు. మీ వదిన రాస్తానంది, వద్దన్నాను.

నీ మీద కోపం లేదు. తాడు కోయలేదని తిట్టే అర్హత నాకు లేదు. ఎందుకో చెప్తాను.

నాన్న పోయిన రోజు డాబా మీద నేనొక్కణ్ణే ఉన్నాను. నాకు ఇరవయ్యేళ్ళు. పొద్దున తాడు చూసే పని నాది. చేత్తో మొత్తం చూశాను, బాగుంది నాన్నా అన్నాను. నిజంగా బాగుంది. నా మాట మీదే ఆయన తాడుకి వేలాడే బల్ల మీద కూర్చున్నాడు.

రంగు వేసేముందు గోడలు యాసిడ్‌తో కడుగుతామని నీకు తెలుసు. అంతకు రెండు వారాల ముందు ఆ గోడే కడిగాం. ఆ తాడు అక్కడే తడిలో పడి ఉంది. మేం ఎండలో ఆరేసి మళ్ళీ వాడాం. అందరూ అలాగే చేస్తారు, నేను కూడా మొన్నటిదాకా అలాగే చేశాను. యాసిడ్ తాడుని లోపల చంపుతుందని మాకెవరూ చెప్పలేదు. నీ ఉత్తరంలో చదివేదాకా నాకు తెలియదు.

పదకొండు గంటలకి చప్పుడైంది. నేను ముడి దగ్గరికి పరిగెత్తాను. ముడి ఉంది. ముడి కింద మూరెడు తాడు ఉంది. ఆ కింద లేదు.

తాడు తెగిందంటే, పొద్దున చూసిందెవరు అంటారు. చూసింది నేను. జనం మెట్లెక్కి వస్తున్నారు. వాళ్ళు వచ్చేలోపు ముడి విప్పేసి ఆ ముక్క రంగు డబ్బాలో వేశాను. మేస్త్రీ వచ్చి ఏమైందంటే ముడి జారింది అన్నాను. అమ్మ అడిగితే అదే చెప్పాను. అమ్మ ఆ మాటే నమ్మి పోయింది. నువ్వు అడిగితే కూడా అదే చెప్పాను, నీకు పన్నెండేళ్ళు. పదిహేనేళ్ళుగా జట్టులో ప్రతి కొత్తవాడికీ నాన్న ముడి గురించి చెప్పి జాగ్రత్తగా ఉండమన్నాను. చెప్పిన ప్రతిసారీ నాలో ఏదో చచ్చేది, మళ్ళీ చెప్పేవాణ్ణి. నువ్వు ఇల్లు వదిలి వెళ్తానన్నప్పుడు అంతగా అరిచింది ఎందుకో ఇప్పుడు తెలుస్తోంది. ఎవరైనా నా కళ్ళ ముందు నుంచి కదిలితే పడిపోతారనిపిస్తుంది నాకు.

మీ వదినకి నిన్న చెప్పాను. పొద్దున మేస్త్రీకి, జట్టుకీ చెప్పాను. మా తాళ్ళన్నీ డాబా మీద పరిచి, యాసిడ్ పని చూసినవన్నీ కోసేశాం. కొత్తవి వచ్చేదాకా పని ఆపాం.

నువ్వు అక్కడే ఉండు. ఇష్టమైతేనే ఉండు. సెలవులు వచ్చాక మేమిద్దరం వస్తాం, ఆ రెండు వందల మెట్లూ ఎక్కుతాం.

ఒక్కటి మాత్రం నీకు తెలియాలి. నాన్న ముడి మీద నువ్వు ఇన్నేళ్ళు కోపం పెట్టుకున్నావు. ఆ ముడి ఆయన బరువుకి జారలేదు, తాడు తెగినా కదల్లేదు. నాకు వేళ్ళతో రాలేదు. చివరికి పళ్ళతో లాగి విప్పాను. అంత బాగా వేశాడు నాన్న.

అన్నయ్య